దొంగ ఎవరో మొదటి సీన్లోనే చూపించిన సీరియల్

ఒక మీటింగ్ గది. బల్ల, కుర్చీలు, వెలవెలబోయిన గోడలు. ముందుగా ఒకాయన వచ్చి కాగితాలు సర్దుకుని కూర్చుంటాడు. కాసేపటికి సిగరెట్‌తో ఇంకొకాయన. మూడో ఆయన పైపు పట్టుకుని వస్తాడు. ఇక్కడ పెద్ద ఆయనే అని ఆ నడకలోనే తెలిసిపోతుంది. అందరికంటే ఆలస్యంగా నాలుగో మనిషి వస్తాడు. చేతిలో ఫైలు లేదు. టీ కప్పు ఉంది, చల్లారిపోకుండా దాని మీద సాసరు మూత పెట్టి ఉంది. కబుర్లు లేవు. చివరికి పైపాయన ఇక మొదలుపెడదాం అంటాడు. సీను అయిపోయింది.

1979 సెప్టెంబర్ 10న బీబీసీ 2 చానల్లో 'టింకర్ టైలర్ సోల్జర్ స్పై' ఇలా మొదలైంది. ఆ నలుగురూ బ్రిటన్ విదేశీ నిఘా సంస్థను నడిపే పెద్దలు. కథలో ఆ సంస్థను అందరూ 'సర్కస్' అంటారు, ఆఫీసు లండన్‌లోని కేంబ్రిడ్జ్ సర్కస్ కూడలిలో ఉంటుంది కాబట్టి. నలుగురిలో ఒకడు ఏళ్ల తరబడి మాస్కోకు పనిచేస్తున్నాడు. వాడెవడో పట్టుకోవడమే ఏడు ఎపిసోడ్ల కథ. సీరియల్ వచ్చి నాలుగు దశాబ్దాలు దాటింది, నవల వచ్చి యాభై ఏళ్లు. ఇంకా పేరు దాచడంలో అర్థం లేదు: టీ కప్పుతో వచ్చిన బిల్ హేడనే ద్రోహి.

రెండోసారి చూసినప్పుడు ఆ మొదటి సీను మరోలా కనిపిస్తుంది. ముగ్గురు ఆఫీసుకు వచ్చినట్టు వచ్చారు, హేడన్ మాత్రం సొంత ఇంట్లో వరండాలోకి వచ్చినట్టు వచ్చాడు. దర్శకుడు జాన్ ఇర్విన్ ఏదీ దాచలేదు. నిజానికి 'ఎవరు' అన్న ప్రశ్న మీద నడిచే కథగా చూస్తే ఇందులో పెద్ద చిక్కుముడి లేదు. అనుమానితులు నలుగురే, వాళ్లలో చూపు తిప్పుకోనివ్వని మనిషి ఒక్కడే. అసలు పట్టు వేరే చోట ఉంది. అందరికీ లోలోపల తెలిసిన సంగతిని ఒక్కరూ పైకి ఎందుకు అనలేకపోయారు? ద్రోహిని వేటాడే మాజీ అధికారి జార్జ్ స్మైలీ కూడా, బిల్ అని తనకు మొదటి నుంచీ తెలుసని చివర్లో ఒప్పుకోవాల్సి వస్తుంది. సీరియల్‌ను ఈ కోణంలో చూస్తే, నెమ్మదిగా సాగుతుందని చాలామంది విసుక్కున్న చోట్లే ఎక్కువ విషయం దొరుకుతుంది.

మూలం జాన్ లె కారే 1974లో రాసిన నవల. అసలు పేరు డేవిడ్ కార్న్‌వెల్. బ్రిటన్ లోపలి నిఘా సంస్థలోనూ, విదేశీ నిఘా సంస్థలోనూ పనిచేసి బయటికొచ్చిన మనిషి. హేడన్ పాత్ర వెనక కిమ్ ఫిల్బీ నీడ స్పష్టంగా ఉంది. ఫిల్బీ కేంబ్రిడ్జ్‌లో చదువుకునే రోజుల్లోనే కమ్యూనిస్టుల వైపు తిరిగి, తర్వాత బ్రిటిష్ నిఘా సంస్థలో పై మెట్ల దాకా ఎక్కి, 1963 జనవరిలో బీరూట్ నుంచి మాయమై మాస్కోలో తేలాడు. అతను సోవియట్లకు అందించిన పేర్లలో తన పేరు కూడా ఉందని లె కారే నమ్మేవాడు. ఫిల్బీ పుట్టింది మన అంబాలాలో, 1912లో. తండ్రి ఇక్కడ సివిల్ సర్వీసు ఉద్యోగి. కిమ్ అనేది ముద్దుపేరు, కిప్లింగ్ రాసిన గూఢచారి కుర్రాడి కథ నుంచి తీసుకున్నది. ఇలాంటిది నవలలో ఎవరైనా రాస్తే మరీ కల్పించాడు అంటాం.

ఫిల్బీ ఎలా తప్పించుకు తిరిగాడన్నదానికి అప్పట్లో బ్రిటన్‌లో వినిపించిన జవాబు ఒకటే: మనవాడు. మంచి స్కూలు, మంచి కాలేజీ, మంచి క్లబ్బు. అలాంటివాడిని అనుమానించడమంటే తమను తాము అనుమానించుకోవడమే. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని మనవాళ్లు ఊరికే అనలేదు. ఇక్కడ ఇంట్లోవాళ్లకు పట్టుకోవాలన్న కోరిక కూడా లేదు.

హేడన్ నడిపిన పన్నాగం ఎలా పనిచేస్తుందో నిదానంగా చూడాలి, ఎందుకంటే మొదటిసారి చూసేవాళ్లు తికమకపడేది ఇక్కడే. పైపాయన పెర్సీ ఆలెలైన్‌కు కొంతకాలంగా అద్భుతమైన సోవియట్ రహస్యాలు అందుతుంటాయి. ఆ సమాచారానికి 'విచ్‌క్రాఫ్ట్' అని పేరు, ఇచ్చేవాడికి 'మెర్లిన్' అని మారుపేరు. ఆ రహస్యాలను లండన్‌లోని సోవియట్ రాయబార కార్యాలయంలో సాంస్కృతిక వ్యవహారాలు చూసే పొల్యకోవ్ ఒక రహస్య ఇంట్లో సర్కస్ పెద్దలకు అందిస్తుంటాడు. అయితే అతను ఊరికే బ్రిటిష్ వాళ్లను కలుస్తుంటే మాస్కోకు అనుమానం రాదా? అందుకని, సర్కస్‌లో తనకొక మనిషి దొరికాడని మాస్కోను నమ్మించడానికి అతని చేతికి పనికిరాని చిల్లర కాగితాలు కొన్ని ఇవ్వాలి. ఇదంతా మెర్లిన్‌ను కాపాడుకోవడానికే అని పెర్సీ బృందం నమ్మకం.

ఇప్పుడు దీన్ని తిరగేసి చూడాలి. చిల్లర కాగితాల కట్టలో హేడన్ అసలు కాగితాలు పెడుతున్నాడు. ద్రోహి తన సోవియట్ యజమానిని లండన్ నడిబొడ్డున, సంస్థ డబ్బుతో అద్దెకు తీసుకున్న ఇంట్లో, పై అధికారుల అనుమతితో కలుస్తున్నాడు. "మన ఆఫీసులో ఎవరో రష్యన్లకు సమాచారం ఇస్తున్నారు" అని ఎవరైనా అంటే, "తెలుసు, అది మా ఏర్పాటే, నోరు మూసుకో" అని పెర్సీయే వాళ్లను ఊరుకోబెడతాడు. పైగా విచ్‌క్రాఫ్ట్ చూపించి అమెరికన్ల నమ్మకం సంపాదించాలని పెర్సీ ఆత్రం. ఆ దారిన అమెరికా రహస్యాలు కూడా మాస్కో చేరతాయి. దొంగను కాపలా కాసేది పోలీసులే అన్నమాట. గూఢచారి కథల్లో ఇంత పకడ్బందీ మోసం, ఇంత తేలిగ్గా నమ్మబుద్ధేసే మోసం ఇంకొకటి దొరకడం కష్టం. ఎందుకంటే ఇది నడిచేది తెలివి మీద కాదు, ఆఫీసులో ప్రమోషన్ కోరుకునే మామూలు మనుషుల ఆశ మీద.

దీనికి పైన ఇంకో పొర ఉంది. మాస్కోలో ఇదంతా నడిపించే కార్లా ఒక్క స్మైలీకే భయపడతాడు. అతని కళ్లు కప్పడానికి హేడన్‌కు ఒక పని అప్పగిస్తాడు: స్మైలీ భార్య ఆన్‌తో సంబంధం పెట్టుకో, అది నలుగురికీ తెలిసేలా పెట్టుకో. ఆ తర్వాత స్మైలీకి హేడన్ మీద ఎంత అనుమానం వచ్చినా, అది అసూయేమో అని తననే తాను శంకించుకుంటాడు. నిజాయితీపరుడి నిజాయితీనే అతని కళ్లకు గంతలుగా కట్టారు. ఆన్‌ను సీరియల్ చాలావరకు తెర మీదకు రానివ్వదు. ఎదురుపడ్డవాళ్లంతా స్మైలీని ఆమె గురించి అడుగుతుంటారు. అడిగిన ప్రతిసారీ స్మైలీగా నటించిన ఆలెక్ గిన్నెస్ ముఖంలో ఏదో చిన్నగా మూసుకుపోతుంది. తీరా చివరి ఎపిసోడ్లో సియాన్ ఫిలిప్స్ ఆన్‌గా కనిపించేసరికి ఆమె ఒక మనిషి అన్న సంగతి ప్రేక్షకుడికి కొత్తగా తెలిసినట్టుంటుంది.

నవలను తెరకు మార్చింది ఆర్థర్ హాప్‌క్రాఫ్ట్. ఫుట్‌బాల్ మీద పేరున్న పుస్తకం రాసిన విలేఖరి. బహుశా అందుకేనేమో, ఆటగాళ్లను మైదానంలోకి దించాక గానీ ఆట మొదలుపెట్టకూడదని అతనికి తెలుసు. నవల వానలో ఒక స్కూలు దగ్గర మొదలవుతుంది. వీపు వంగిన కొత్త మాస్టారు జిమ్ ప్రిడో కారవాన్‌తో దిగుతాడు, ఒక ఒంటరి పిల్లవాడు అతన్ని గమనిస్తుంటాడు. ఆ వీపుకు ఏమైందో పాఠకుడికి తెలియడానికి చాలా పేజీలు పడుతుంది. హాప్‌క్రాఫ్ట్ ఆ వరుస మార్చేశాడు. టీవీలో ముందే అంతా జరిగిపోతుంది: జబ్బుతో ఉన్న పాత అధిపతి 'కంట్రోల్' ద్రోహి పేరు తెలుసుకోవడానికి ప్రిడోను చెకోస్లోవేకియా పంపుతాడు. అది ఉచ్చు. ప్రిడో తుపాకీ దెబ్బ తిని పట్టుబడతాడు, కంట్రోల్ పదవి పోతుంది, అతనితో పాటు స్మైలీ ఉద్యోగమూ పోతుంది.

ఈ మార్పుతో నవలలోని ఒక అందం పోయింది, సందేహం లేదు. పిల్లవాడి కళ్లతో ఒక గాయపడ్డ గూఢచారిని చూడటంలో ఉన్న తడి వేరు. దానికి బదులు దక్కిందేమిటంటే, తుపాకీ మోతంతా దాదాపు మొదట్లోనే అయిపోయింది. ఆ తర్వాత సీరియల్ ధైర్యంగా కుర్చీల్లో కూర్చుంది. మిగతా ఎపిసోడ్లలో ఎక్కువ భాగం ఇద్దరు మనుషులు మాట్లాడుకోవడమే. స్మైలీ ఒక్కొక్కరి దగ్గరికి వెళ్లి అడుగుతాడు, వాళ్లు చెబుతారు, అతను వింటాడు. ఆ మధ్యలో స్మైలీకి సాయపడే పీటర్ గిలం సర్కస్ లోపలి నుంచి ఒక ఫైలు ఎత్తుకొచ్చే ఘట్టం వస్తుంది. పరుగు లేదు, దెబ్బలాట లేదు. ఓ బ్యాగు, ఓ దొంగ ఫోన్ కాల్, బయటికెళ్లే తలుపు. అది చాలక పై అంతస్తులో పెద్దలు అతన్ని పిలిచి ప్రశ్నలు వేస్తారు. గిలంగా నటించిన మైకేల్ జేస్టన్ మెడ బిగుసుకుపోవడం చూస్తే చాలు, కారు ఛేజుల కంటే ఎక్కువ టెన్షన్ వస్తుంది.

ఆ సంభాషణల్లో కోనీ శాక్స్ సీను దగ్గర ఆగాలి. రష్యన్ గూఢచారుల వివరాలన్నీ బుర్రలో పెట్టుకున్న పరిశోధకురాలు ఆమె. పొల్యకోవ్ ఉత్త సాంస్కృతిక అధికారి కాడని, కార్లా తయారుచేసిన సైనికుడని కనిపెట్టింది. పైవాళ్లకు చెప్పింది. నీకు బయటి ప్రపంచం తెలియడం లేదని ఉద్యోగం పీకేశారు. ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లో ఇరుకు ఇంట్లో మందు గ్లాసుతో కాలం గడుపుతోంది. కోనీగా నటించిన బెరిల్ రీడ్‌ను బ్రిటన్ ప్రేక్షకులు అప్పటిదాకా ఎక్కువగా హాస్యనటిగా ఎరుగుదురు. ఆమె ఇక్కడ స్మైలీని చూసి చిన్నపిల్లలా సంతోషిస్తుంది, పాత సహోద్యోగులను పేరుపేరునా ముద్దుగా తలుచుకుంటుంది, మరుక్షణం ఏడుపు ఆపుకుంటుంది. స్మైలీ అనుమానిస్తున్నది తన ముద్దుల కుర్రాళ్లలో ఒకణ్ని అని అర్థమయ్యాక, ఆ పేరు వినడం ఆమెకు ఇష్టం లేదు. నిజం ముందుగా కనిపెట్టినది ఆమె, దాని చివరి అంకం తెలుసుకోనంటున్నదీ ఆమే. సీరియల్ మొత్తం ఈ ఒక్క సీనులో ఇమిడిపోతుంది.

ఆ కుర్రాళ్ల గురించి కోనీ అనే మాట కూడా గుర్తుపెట్టుకోదగ్గది. సామ్రాజ్యాన్ని ఏలడానికి పెంచిన పిల్లలు, తీరా పెద్దయ్యేసరికి ఏలడానికి ఏమీ మిగల్లేదు అన్నది ఆమె జాలి. హేడన్ పట్టుబడ్డాక చెప్పుకునే కారణాలూ అక్కడికే వస్తాయి. 1956లో సూయెజ్ కాలువ కోసం ఈజిప్ట్ మీదికి వెళ్లి భంగపడి బ్రిటన్ పరువు పోయాక ఈ దేశానికి ఇక బరువు లేదని తేలిపోయిందట, అమెరికా తోకగా బతకడం కంటే రెండో పక్షం మేలనిపించిందట. హేడన్‌గా ఇయాన్ రిచర్డ్‌సన్ ఈ మాటలను ఎంత నాజూకుగా చెబుతాడంటే, సిద్ధాంతం కంటే ఎక్కువగా అహం వినిపిస్తుంది. ఇండియాలో కూర్చుని చూసేవాళ్లకు ఈ దుఃఖం మీద పెద్దగా సానుభూతి కలగకపోవచ్చు. ఆ సామ్రాజ్యం పోవడమే మనకు పండుగ. కానీ అది పోయిన ఇంట్లో మనుషులు ఎలా కుళ్లిపోయారో చూడటం మాత్రం ఆసక్తిగానే ఉంటుంది.

ఢిల్లీ కూడా ఈ కథలో ఉంది. 1955లో ఢిల్లీ జైల్లో స్మైలీ, కార్లా ఒక్కసారి ఎదురెదురుగా కూర్చుంటారు. వెనక్కి వెళ్తే చంపేస్తారు, మా వైపు వచ్చెయ్ అని స్మైలీ గంటల తరబడి మాట్లాడతాడు, కార్లా నోరు విప్పడు. టీవీలో కార్లాగా పాట్రిక్ స్టూవర్ట్ ఒక్క డైలాగూ లేకుండా నటించాడు. ఆ ఉక్కలో ఎక్కువ చెప్పేసింది స్మైలీయే. తన భార్య గురించి తనకున్న బెంగ కార్లాకు తెలిసిపోయింది. పోతూ పోతూ కార్లా స్మైలీ సిగరెట్ లైటర్ పట్టుకుపోయాడు, దాని మీద ఆన్ ప్రేమతో చెక్కించిన మాటలున్నాయి. ఆన్ మీదుగా స్మైలీని కొట్టాలన్న ఆలోచన పుట్టింది ఇక్కడే. పత్తేదారు పనిలో అడిగేవాడే ఎక్కువ బయటపడిపోతాడన్న సంగతి ఈ సీను చూపించినంత బాగా ఇంకేదీ చూపించదు.

ఆలెక్ గిన్నెస్ గురించి ఎంత చెప్పినా తక్కువే, కాబట్టి కొద్దిగానే. నవలల్లో స్మైలీ పొట్టిగా, లావుగా, ఖరీదైనా ఒంటికి నప్పని బట్టల్లో ఉంటాడు. తాను అంత లావుగా లేనని గిన్నెస్ మొదట సందేహించాడు. అప్పటికి రెండేళ్ల కిందటే 'స్టార్ వార్స్'తో ప్రపంచమంతా తెలిసిన ముఖం అతనిది. పాత్ర కోసం నిజమైన గూఢచారిని చూడాలని అడిగితే, విదేశీ నిఘా సంస్థ మాజీ అధిపతి మారిస్ ఓల్డ్‌ఫీల్డ్‌తో లె కారే భోజనం ఏర్పాటు చేశాడు. ఓల్డ్‌ఫీల్డ్ వైన్ గ్లాసు అంచు చుట్టూ వేలు తిప్పడం చూసి, విషం ఉందేమో చూసుకుంటున్నాడా అని గిన్నెస్ తర్వాత అడిగాడని లె కారే చెప్పుకునేవాడు. తెర మీద మాత్రం గిన్నెస్ వాడిన పరికరం కళ్లజోడు ఒక్కటే. దాన్ని తీస్తాడు, తుడుస్తాడు, పెట్టుకుంటాడు. ఎదుటివాడు ఆ ఖాళీ నింపడానికి ఇంకో మాట ఎక్కువ చెబుతాడు. ఈ పాత్రకు అతనికి బ్రిటన్ సినిమా, టీవీ రంగాల అవార్డు బాఫ్టాలో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. స్మైలీని గిన్నెస్ తన దగ్గర్నుంచి తీసేసుకున్నాడని లె కారే తర్వాత అనేవాడు, ఇక రాస్తుంటే అతని గొంతే వినిపించేదట.

సీరియల్‌కు కాలమూ కలిసొచ్చింది. అప్పట్లో బ్రిటన్‌లో ఉన్నవి మూడే చానళ్లు. వాటిలో ప్రకటనలతో నడిచే ఐటీవీ సమ్మె వల్ల 1979 ఆగస్టు 10 నుంచి అక్టోబర్ 24 దాకా దాదాపు అంతటా మూతపడింది. 'టింకర్ టైలర్' ప్రసారమైంది సెప్టెంబర్ 10 నుంచి అక్టోబర్ 22 దాకా. అంటే ఏడు సోమవారాలూ ఇంటి టీవీలో దీనికి పోటీ బీబీసీ 1 మాత్రమే. ఇంత మందగమనపు సీరియల్‌ను జనం ఓపిగ్గా చూడటంలో దీని వాటా కొట్టిపారేయలేం. అందరూ మెచ్చుకున్నారనీ కాదు. 'అబ్జర్వర్' పత్రికలో క్లైవ్ జేమ్స్ నవల ఎంత విసుగో సీరియలూ అంతే విసుగని ఎగతాళి చేశాడు. ఆయన మాటలో కొంత నిజముంది. మూడో ఎపిసోడ్ దగ్గర ఎవరు ఎవరో మర్చిపోని ప్రేక్షకుడు అరుదు.

చివరి ఎపిసోడ్ వచ్చి నెల తిరక్కుండానే, నవంబర్ 15న ప్రధాని మార్గరెట్ థాచర్ పార్లమెంటులో ఒక ప్రకటన చేసింది. రాణిగారి చిత్రకళా సంపదను ఏళ్ల తరబడి చూసిన పండితుడు సర్ ఆంథొనీ బ్లంట్ సోవియట్ గూఢచారి అని, 1964లోనే ఒప్పుకున్నాడని, శిక్ష పడదన్న హామీ మీద ఆ సంగతి దాచారని. ఫిల్బీతో పాటు కేంబ్రిడ్జ్‌లో తయారైన గూఢచారుల ముఠాలో నాలుగోవాడు. పదిహేనేళ్లు పైవాళ్లకు తెలుసు, నోరు మెదపలేదు. బ్లంట్‌కు సర్ బిరుదు పోయింది. తెర మీద కల్పనగా చూసింది వార్తల్లో వచ్చేసరికి సీరియల్‌కు వేరే రచయిత వ్యాఖ్యానం అవసరం లేకపోయింది.

గూఢచారి అంటే తెలుగువాళ్లకు 1966 నాటి కృష్ణ 'గూఢచారి 116' నుంచీ కోటు, తుపాకీ, పాట. ఆ రుచికి అలవాటుపడ్డవాళ్లకు స్మైలీ రిటైరైన తాలూకాఫీసు గుమాస్తాలా కనిపిస్తాడు. లె కారే కథల్లో మన దాకా నేరుగా వచ్చింది 'ద నైట్ మేనేజర్'. 1993 నవలను 2016లో బీబీసీ ఆరు ఎపిసోడ్లుగా తీసింది, 2023లో హిందీలో అనిల్ కపూర్, ఆదిత్య రాయ్ కపూర్‌లతో పాటు మన తెనాలి అమ్మాయి శోభిత ధూళిపాళ నటించింది. ఆ కథను ఎక్కడికైనా మార్చుకోవచ్చు. ఇంగ్లిష్ సీరియల్‌లో కైరోలో మొదలైంది హిందీలో ఢాకాకు చేరింది, కథకు ఏమీ కాలేదు. ఆయుధాల వ్యాపారి ఏ దేశంలోనైనా దొరుకుతాడు. 'టింకర్ టైలర్' అలా కదలదు. హేడన్ చదివిన స్కూలు, తాగిన క్లబ్బు, పోయిన సామ్రాజ్యం తీసేస్తే వాడి ద్రోహానికి కారణమే మిగలదు.

2011లో టోమస్ ఆల్ఫ్రెడ్‌సన్ దీన్నే సినిమాగా తీశాడు, గ్యారీ ఓల్డ్‌మన్ స్మైలీ. రెండు గంటల పైచిలుకు నిడివిలో ఇంత కథ పట్టించడానికి అతను మాటలు తగ్గించి రంగులు, చూపులు పెంచాడు. చూడటానికి సినిమాయే అందం. చెకోస్లోవేకియా బుడాపెస్ట్ అయింది, కార్లా ముఖం అసలు చూపించలేదు. ఢిల్లీ సంగతి ఓల్డ్‌మన్ ఖాళీ కుర్చీతో మాట్లాడుతున్నట్టు చెబుతాడు. అది గొప్ప ఆలోచనే. కాకపోతే సినిమాలో నలుగురు అనుమానితులకు మనుషులుగా ఎదిగే చోటు దొరకలేదు. ఎవరో తెలియని ఇంట్లో దొంగ దొరికితే అది వార్త మాత్రమే. సీరియల్ సుమారు ఐదు గంటలు మనల్ని ఆ ఆఫీసులో కూర్చోబెట్టి, వాళ్ల ఈర్ష్యలు, వెటకారాలు, టీ అలవాట్లతో సహా చూపించి, ఆ తర్వాత హేడన్‌ను పట్టిస్తుంది. అప్పుడు గిలంకు వచ్చే కోపం మనకూ వస్తుంది.

బీబీసీ 1982లో 'స్మైలీస్ పీపుల్' కూడా తీసింది, మళ్లీ గిన్నెస్‌తోనే. మధ్యలో ఉన్న నవల ఆగ్నేయాసియాలో నడుస్తుంది, అక్కడ షూటింగ్ ఖర్చు తట్టుకోలేక వదిలేశారు. కార్లా లెక్క తేలేది ఆ రెండో సీరియల్‌లో కాబట్టి వరుసగా చూడటం మేలు. మొదటిదాన్ని వెతికేటప్పుడు ఒక జాగ్రత్త: అమెరికా ప్రసారం కోసం దాన్ని కోసి, సీన్ల వరుస అక్కడక్కడా మార్చి ఆరు ఎపిసోడ్లు చేశారు, కొన్ని డీవీడీల్లో ఉన్నది అదే. ఏడు ఎపిసోడ్లున్నదే బీబీసీ అసలు కూర్పు.